కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉండదు

అన్నా, చంద్రగిరిలో కొన్న మీ కడక్‌నాథ్ (నల్లకోడి జాతి) పెట్టలు లేత గోధుమరంగు గుడ్లు పెడుతున్నాయనీ, పొదగడం లేదనీ, మోసపోయానేమోననీ రాశారు. గుడ్డును చూసి అనుమానపడకండి. ఆ జాతి గుడ్డు రంగే అది. నల్లగుడ్డు వట్టి పుకారు. పగటి వెలుతురులో ఈకలు విడదీసి చర్మం చూడండి, నోరు తెరిచి నాలుక చూడండి. ముక్కు, కాళ్లు, గోళ్లు కూడా నల్లగానో ముదురు బూడిదరంగులోనో ఉండాలి. తురాయి ఊదారంగులో ఉన్నా ఫరవాలేదు. ఈకలు నల్లగా, చర్మం తెల్లగా ఉంటేనే మోసం. మెడమీద బంగారు ఛాయ ఉంటే కంగారు వద్దు, అదీ అసలు రకమే.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఈ జాతి పెట్టలు సాధారణంగా పొదగవు. గుడ్లను పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద పెట్టండి, 21 రోజులకు పిల్లలవుతాయి. పిల్లలు అసలు జాతివే కావాలంటే పెట్టలతో ఉండే పుంజు మాత్రం కడక్‌నాథే ఉండాలి, నాటుపుంజును దగ్గరికి రానివ్వకండి.