మిల్లు దుమ్ము, వేడెక్కే కంప్యూటర్

ప్రశ్న: మా ఇల్లు రైస్ మిల్లు పక్కనే ఉంది. పదేళ్ల నాటి డెస్క్‌టాప్ కంప్యూటర్ అరగంట పని చేశాక ఫ్యాన్ హోరెత్తి, దానంతటదే ఆగిపోతోంది. కొత్తది కొనక తప్పదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఇప్పుడే కొనకండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత దాదాపు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, అది కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే కావచ్చు. మిల్లు నుంచి వచ్చే ఊక, తవుడు దుమ్ము మన డెల్టా గాలిలోని తేమకు మెత్తబడి, ప్రాసెసర్ వేడిని లాగి బయటికి వదిలే హీట్ సింక్ రేకుల మధ్య అట్టకట్టడం వల్ల ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఆడదు.

ప్లగ్ తీసి, పక్క మూత విప్పి, పెట్టెను ఆరుబయట ఉంచి మెత్తని బ్రష్‌తోనూ, బ్లోయర్‌తోనూ శుభ్రం చేయండి. గాలి విసురుకు ఫ్యాన్ అతివేగంగా తిరిగి పాడవకుండా దాని రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. తడిగుడ్డ వాడవద్దు. కరెంటు తీగ వచ్చి చేరే పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక బయటి నుంచి ఊదితే చాలు.

అప్పటికీ బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగల సెట్టింగుల తెరలో) ఉష్ణోగ్రత ఎక్కువగానే కనిపిస్తే, ప్రాసెసర్ నుంచి హీట్ సింక్‌కు వేడిని చేరవేసేందుకు మధ్యలో పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందని అనుమానించాలి. హీట్ సింక్ తీసి, పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మీద కందిగింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించండి. ఎక్కువ పూస్తే ఎక్కువ మేలనుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆ తరువాత పెట్టెను నేల మీద, గోడకు ఆనించి కాక బల్ల మీద ఉంచి, మిల్లు ఆడే రోజుల్లో రెండు నెలలకొకసారి దుమ్ము దులపండి.