ముసాయిదాకు ‘ఆమోదం’ ఏమిటి?

సందేహం: మా ఊరి మాస్టర్ ప్లాన్ గురించి పేపర్లో ‘ముసాయిదాకు కౌన్సిల్ ఆమోదం’ అని వచ్చింది. కొన్నాళ్లకి అదే పేపర్లో ‘అభ్యంతరాలకు గడువు’ అని ఇంకో వార్త. ఆమోదించేశాక అభ్యంతరాలేమిటి? ఇక్కడ ఆ మాట సరైనదేనా? ‘ప్లాన్‌ను ఆమోదించారు’, ‘ప్లాన్‌కు ఆమోదం తెలిపారు’, వీటిలో ఏది ఒప్పు? – ఒక పాఠకుడు

సమాధానం: చివరి ప్రశ్న తేలిక, రెండూ ఒప్పే. ‘ఆమోదముద్ర వేసింది’ అని రాసే అలవాటు మాత్రం మానుకుంటే బాగుంటుంది. ముద్ర పడేది కాగితం మీద, ఆమోదం కలిగేది మనసులో.

అసలు సందేహం మొదటిదే. సంస్కృతంలో ఆమోదం అంటే అంగీకారం కాదు. ముద్ ధాతువుకి సంతోషించడమని అర్థం, మోదం, ప్రమోదం అన్నీ ఆ ఇంటివే. ఆమోదమంటే సంతోషం, సువాసన కూడా. అమరకోశంలో అమరసింహుడు ఇంకా నిక్కచ్చిగా చెప్పాడు: నలిపినప్పుడు పుట్టి జనం మనసు దోచే వాసన పరిమళం, అదే దూరదూరాలకి వ్యాపిస్తే ఆమోదం, ‘ఆమోదః సోఽతినిర్హారీ’ అని. పెద్దన గారి ప్రవరుడికి వరూధిని కనబడకముందే కస్తూరి, కర్పూరం, తాంబూలం కలిసిన గాలి తగులుతుంది చూడండి, ‘మగువ పొలుపు దెలుపు నొక్క మారుత మొలసెన్’ అని, ఆ పద్యంలో ఆయన వాడిన మాట పరిమళమే అయినా అమరుడి లెక్కలో అది అచ్చమైన ఆమోదం. ఎంత చదివినా తనివి తీరని పద్యం.

మరి వాసన నుంచి అంగీకారానికి ఎలా వచ్చాం? హిందీలో అనుమోదన్ అంటారు, ఇంకొకరు చేసినదానికి తానూ సంతోషించడం దాని మూలార్థం. మన ఆమోదం దాని నీడలో పెరిగిందో, ‘సంతోషంగా ఒప్పుకోవడం’ నుంచి తిన్నగా వచ్చిందో గట్టిగా తేల్చలేం, నేను రెండోదాని వైపే మొగ్గుతాను. ఏదైనా ఆ మాటలో ఇష్టం ఉంది. మంజూరులో అది లేదు, అరబ్బీ నజర్ కుటుంబం, ‘చూడబడినది’ అంతే. ముసాయిదా కూడా అరబ్బీదే, సిరాతో నల్లగా చేసిన చిత్తుప్రతి.

ఇక చట్టం సంగతి. తెలంగాణలో పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో 1975 నాటి పట్టణ ప్రాంతాల (అభివృద్ధి) చట్టం వరస స్పష్టంగా చెప్తుంది. ముందు ముసాయిదా తయారు చేయాలి, జనం చూసుకోడానికి ప్రతి అందుబాటులో ఉంచాలి, అభ్యంతరాలు, సూచనలు కోరుతూ ప్రకటన ఇవ్వాలి, ఆ పరిధిలోని స్థానిక సంస్థలకి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, అవన్నీ పరిశీలించాకే ప్లాన్ ప్రభుత్వం దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వం ఉన్నదున్నట్టు ఒప్పుకోవచ్చు, మార్చవచ్చు, తిప్పి కొట్టి కొత్తది తయారు చేయమనవచ్చు. చట్టం ‘ఆమోదం’ అని పిలిచేది ఈ చివరి మెట్టునే. అమరావతికి చట్టం వేరు, అయినా అక్కడా 2015 డిసెంబరులో ముసాయిదా ప్రకటించి, 2016 ఫిబ్రవరిలో తుది ప్లాన్ ఇచ్చారు. కామారెడ్డిలో 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ మీద రైతులు రోడ్డెక్కినప్పుడు అధికారులు ‘ఇది ముసాయిదాయే’ అన్నారు, చివరికి కౌన్సిల్ దాన్ని వద్దంటూ తీర్మానం చేసింది. ముసాయిదా దశలో అడిగితే వెనక్కి తీసుకునే వీలుందన్నమాట.

అలాంటిచోట మొదటి మెట్టుకే ‘ఆమోదం’ అని పెద్దక్షరాల్లో వేస్తే, పొలం మీద రోడ్డు గీత పడ్డ రైతు అంతా అయిపోయిందనుకుని టెన్షన్‌తో కూర్చుంటాడు, లేదా ఆశ వదిలేసి గడువు పోగొట్టుకుంటాడు. హెడ్డింగ్‌లో చోటు చాలదని విలేకరులు అంటారు, అది ఒప్పుకోదగ్గ కారణం కాదు. కౌన్సిల్ దగ్గర ‘తీర్మానించింది’, ప్రభుత్వ ఉత్తర్వు వచ్చాకే ‘ఆమోదించింది’ అని రాయమంటాను. ‘ముసాయిదాకు ఆమోదం’ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కౌన్సిల్ కూడా ఏదో ఒకదానికి ఒప్పుకుంది కదా అని ఎవరైనా వాదిస్తే కాదనలేను. కనీసం ‘తుది’ అన్న మాట దేనికి చేర్చాలో చూసుకోవాలి.

అభ్యంతరానికి సంస్కృతంలో లోపలిదని అర్థం, తెలుగులో, కన్నడంలో అడ్డు చెప్పడం. మీకుంటే గడువులోగా సర్వే నంబరు వేసి రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.