గోల్కొండ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

సైన్యంలో ఫిరంగిదళానికి శిక్షణనిచ్చే ఆర్టిలరీ సెంటర్ నుంచి నీకు అగ్నివీర్‌గా పిలుపు వచ్చిందని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపే పరుగెత్తావట. మంచిదే కానీ, ఇక ఆ గొప్ప ఊళ్ళోనే వదిలేసి బయలుదేరు. ట్రైనింగ్‌లో ముందుగా మొరాయించేవి పాదాలు. నేను ఉస్తాదుగా, అంటే శిక్షణ ఇచ్చేవాడిగా ఉన్న రోజుల్లో పరుగులో వెనకబడిన కుర్రాళ్ళు మెల్లగా అందుకునేవారు. మడమ మీద బొబ్బను దాచుకుని కుంటినవాళ్ళే ఎక్కువ అవస్థ పడేవారు. బూట్లు ఇచ్చే రోజున మొహమాటపడకు. మేజోళ్ళు వేసుకుని తొడిగి చూడు, లోపల వేళ్ళు ఆడాలి. తడిసిన మేజోళ్ళతో మరో పీరియడ్‌కు వెళ్ళకు. బొబ్బ వస్తే పైచర్మం చింపవద్దు. మోకాలి కింద ముందువైపు ఎముక ఒకే చోట రోజూ నొప్పి పెడుతుంటే మాత్రం ఆ రోజే సిక్ రిపోర్ట్ చెయ్యి, అంటే ఒంట్లో బాగాలేదని చెప్పి డాక్టరుకు చూపించుకో. అలాంటి నొప్పిని ఓర్చుకుని పరుగెత్తితే ఎముకకు సన్నటి చీలిక పడుతుంది, నెలలు పోతాయి.

ఇక డ్రిల్లు. ఇరవై ఏళ్ళవాడికి నడక నేర్పడమేమిటని నవ్వుకుంటావు. నిమిషానికి 120 అడుగులు వేయాలి. అడుగుకూ అడుగుకూ మధ్య 30 అంగుళాలు ఉండాలి, పిడికిలి భుజం ఎత్తుకు లేవాలి. "తేజ్ చల్" (వేగంగా నడువు) అనగానే కుడిచేయి, కుడికాలు కలిపి ముందుకు వేసేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. అంతవరకూ బాగానే నడిచినవాడు ఆ ఒక్క మాటతో నడక మరచిపోతాడు. అది నువ్వే అయితే కంగారుపడకు. చేతుల సంగతి వదిలేసి, పక్కవాడి మడమ నేలను తాకే చప్పుడు విను. చేతులు వాటంతటవే సర్దుకుంటాయి.

హిందీ రాదని బెంగ వద్దు. మైదానంలో కావలసిన మాటలు కొన్నే. వాటి అర్థం కంటే పలికే తీరు ముఖ్యం. "పీఛే" అని ఉస్తాదు సాగదీస్తాడు, కాస్త ఆగుతాడు, తర్వాత "ముడ్" అని కొడతాడు, రెండూ కలిపితే వెనక్కి తిరుగు అని. మొదటి మాటకు ఒళ్ళు సిద్ధం కావాలి, రెండో మాటకే కదలాలి. మధ్యలోని ఆ విరామంలో తొందరపడి తిరిగినవాడికి మైదానం చుట్టూ పరుగు ఖాయం. నా లెక్కలో డ్రిల్లంతా ఆ విరామంలోనే ఉంది. గుండె దడదడలాడుతున్నా ఆజ్ఞ పడేదాకా ఆగడం, పడగానే ఆలోచించకుండా చేయడం అక్కడే అలవాటవుతుంది.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. 1590ల్లో డచ్ సేనాని మారిస్ తుపాకీ నింపి పేల్చే పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో ఆజ్ఞ పెట్టించాడు. అప్పటి సిపాయి చేతిలో ఒకవైపు మండుతున్న ఒత్తి, మరోవైపు మందుగుండు ఉండేవి. ఒకడు వరస తప్పితే పక్కవాడు కాలిపోతాడు. ముందు వరస పేల్చి వెనక్కి వెళ్ళి నింపుకుంటుంటే తర్వాతి వరస పేల్చేది. మన దక్షిణాదిలో ఈ పద్ధతి సత్తా 1746లో అడయార్ నది దగ్గర తెలిసింది. ఆర్కాటు నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ వెంట పదివేల మంది ఉంటే, ఫ్రెంచివారి వెంట మన సిపాయిలతో కలిపి వెయ్యిమంది కూడా లేరు. నది దాటి, ఒక్కుమ్మడిగా పేల్చి, బాయినెట్లతో (తుపాకీ కొసన బిగించే కత్తులతో) మీద పడేసరికి ఆ పెద్ద సైన్యం చెల్లాచెదురైంది. ఆ తర్వాత మన రాజులూ నవాబులూ కవాతు నేర్పే ఐరోపా వాళ్ళ కోసం పోటీపడ్డారు. నిజాం పదాతిదళాన్ని అలా తీర్చిదిద్దిన ఫ్రెంచి రేమండ్ సమాధి హైదరాబాదులోనే, మలక్‌పేట వైపు ఉంది. బయటికి వెళ్ళే అవుట్‌పాస్ దొరికిన ఆదివారం ఎలాగూ సినిమాకే పోతావు, ఒకసారి అటు కూడా వెళ్ళిరా.

రైఫిల్ ఖోల్నా జోడ్నా, అంటే విప్పి మళ్ళీ బిగించడం కూడా ఆ కోవలోదే. ప్రతి భాగాన్నీ విప్పిన వరసలోనే నేల మీద పేర్చుకో. కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఎక్కడుందో చేతికి తెలియాలి. ఫైరింగ్‌కు ఉస్తాదులు చెప్పే మంత్రం మూడు ముక్కలు: మజ్‌బూత్ పకడ్ (గట్టి పట్టు), దురుస్త్ శిస్త్ (సరైన గురి), సహీ ట్రిగర్ ఆపరేషన్ (ట్రిగర్ సరిగా నొక్కడం). మొదటి రెండూ కుర్రాళ్ళు త్వరగానే పట్టుకుంటారు, చెడగొట్టేది మూడోదే. చప్పుడుకు ముందే భుజం బిగుసుకుని గుండు పక్కకు పోతుంది. గుళ్ళు లేని అభ్యాసంలో గొట్టం కొసన రూపాయి బిళ్ళ పెట్టించుకుని ట్రిగర్ నొక్కు. బిళ్ళ పడనంత మెత్తగా నొక్కడం వచ్చాక నీకు వేరే సలహా అక్కరలేదు.

అసలు చిక్కు ఫీల్డ్‌క్రాఫ్ట్‌లో, అంటే శత్రువు కంటపడకుండా నేల మీద కదలడం నేర్పేచోట వస్తుంది. మైదానంలో భుజం భుజం కలిపి నిలబడమన్నవాళ్ళే, ఇక్కడ దూరదూరంగా చెదిరి పాకమంటారు. మెషిన్ గన్ వచ్చాక వరసగా నడిచి వెళ్ళడమంటే చావును పిలవడమే, 1914లో ఐరోపా సైన్యాలకు అది బాగా తెలిసివచ్చింది. అందుకే సెక్షన్ అనే చిన్న జట్టులో సగంమంది పేలుస్తుంటే మిగతా సగం ముందుకు కదులుతుంది. డ్రిల్లు కాలం చెల్లిన తంతు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే మెరిసే బూట్లు చూసి సైనికుడిని అంచనా వేసే ఉస్తాదులూ ఉంటారు. వాళ్ళ చేతిలో పడితే బూట్లు మెరిపించు, పాకడం మాత్రం వేరేవాళ్ళ దగ్గర నేర్చుకో.

ఎండలో పరేడ్ నిలబడేటప్పుడు మోకాళ్ళు బిర్రబిగించకు, నెత్తురు కాళ్ళలోనే నిలిచి కళ్ళు తిరుగుతాయి. బూటు లోపల వేళ్ళు ఆడిస్తూ ఉండు, ఎవరికీ కనబడదు. పొద్దున టీ ఒక్కటే తాగి రాకు. నీళ్ళు దాహం వేయకముందే తాగు.

నాలుగేళ్ళ తర్వాత అగ్నివీరుల్లో నలుగురిలో ఒకరినే సైన్యంలో ఉంచుతారన్న లెక్కలు బారక్‌లో రోజూ నడుస్తాయి. ట్రైనింగ్ పూర్తయ్యేదాకా ఆ కబుర్లలో కూర్చోకు, నిద్రపో. నాలుగు గంటలకే లేవాలి.

సర్టిఫికెట్ల జిరాక్సులు మూడు సెట్లు పెట్టుకో. పెట్టెకు మంచి తాళం కొనుక్కో, రెండో తాళంచెవి అమ్మ దగ్గర ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య