యాన్యువల్ బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది, మెకానిక్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: నమస్కారమండీ. నేనూ ఒక ఫ్రెండూ కలిసి పాత సెస్నా 172 చిన్న విమానం కొనుక్కున్నాం, కొన్నప్పటి నుంచీ ఒకే మెకానిక్ చూస్తున్నారు, పెద్దాయన, చాలా నమ్మకస్తుడు. ఏటా చేయించాల్సిన యాన్యువల్ ఇన్‌స్పెక్షన్‌కి ఈసారి 1,600 డాలర్లు అన్నారు, తీరా బిల్లు 4,900 వచ్చింది. ఒక సిలిండర్ ఊడదీసి ఎగ్జాస్ట్ వాల్వ్ బాగుచేశారట, ఇంజిన్‌కి స్పార్క్ ఇచ్చే రెండు మాగ్నెటోలూ విప్పారట, ముందు ఒక్క ఫోన్ కూడా లేదు. చెక్ ఇవ్వకుండా ఆపేసి ఎఫ్ఏఏకి (అమెరికా విమానయాన శాఖకి) కంప్లైంట్ ఇద్దాం అంటాడు మా ఫ్రెండ్. నాకేమో ఆయనతో గొడవ ఇష్టం లేదు, అలాగని ఊరుకోబుద్ధీ కావట్లేదు.
- ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ముందు చెక్ ఆపే ఆలోచన మానుకోమనండి మీ ఫ్రెండ్‌ని. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పని చేసినవాళ్లకి డబ్బు అందకపోతే విమానం మీద లియెన్, అంటే బాకీ తీరేదాకా తాకట్టులాంటిది, వేసే హక్కుంటుంది, అది ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీలో ఎక్కిందంటే రేపు అమ్ముకోవాలన్నా తలనొప్పే. ఎఫ్ఏఏ వాళ్లు పని రూల్ ప్రకారం జరిగిందా, లాగ్‌బుక్‌లో రాశారా అని చూస్తారు గానీ రేటు ఎక్కువేశారా తక్కువేశారా అన్న దాంట్లోకి రారు. పనిలో తప్పు చేయని మనిషి మీద బిల్లు కోపంతో కంప్లైంట్ పెట్టడం అన్యాయం కూడా.

ఇక్కడ ఇన్‌స్పెక్షన్ వేరు, రిపేర్ వేరు. ఆయన చెప్పిన 1,600 ప్యానెళ్లు తీసి చూడటానికి, కంప్రెషన్ (సిలిండర్ గాలి పట్టి ఉంచుతోందా అని) చెక్ చేయటానికి, ఏడీలన్నీ (భద్రత కోసం ఎఫ్ఏఏ ఇచ్చే తప్పనిసరి ఆదేశాలు) సరిచూసి సంతకం పెట్టటానికి. సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ గాలి పెట్టినప్పుడు వాల్వ్ దగ్గర బుస్సుమని కారిపోతుంటే మంచి మెకానిక్ ఎవరూ సంతకం పెట్టరు, కాబట్టి లీక్ నిజమైతే సిలిండర్ డబ్బు గురించి బేరం వద్దు. మాగ్నెటోలు మాత్రం అడగాల్సిందే. 500 గంటల తనిఖీ టైమ్ అయిందా లేదా మీ లాగ్‌బుక్‌లోనే ఉంటుంది.

కానీ ఫోన్ చేయకపోవడం ఆయన తప్పే, నాకందులో అనుమానం లేదు. ఎఫ్ఏఏ రూల్ 91.403 ప్రకారం విమానం కండిషన్‌కి మొదటి బాధ్యత ఓనర్‌ది, అంటే ఏది ఎప్పుడు ఎవరితో చేయించాలో నిర్ణయించేదీ మీరే. లోపాలు కనబడితే ఆ లిస్ట్ మీ చేతికిచ్చి యాన్యువల్ ముగించొచ్చు, మీరు వాటిని ఇంకో ఏ అండ్ పీతో (ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఉన్న మెకానిక్‌తో) బాగుచేయించుకున్నా యాన్యువల్ మళ్లీ చేయించక్కర్లేదు. ఆ అవకాశం మీకు లేకుండా పోయింది, మీరు బాధపడాల్సింది దానికి.

ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు బిల్లు పట్టుకుని హ్యాంగర్‌కి వెళ్లండి, ఫోన్‌లో మెసేజ్‌లో వద్దు. 'ఎక్కువేశారు' అని మొదలుపెట్టకుండా ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, కంప్రెషన్ నంబర్లేంటి, పార్ట్స్ ఇన్వాయిస్‌లు చూపిస్తారా, పాత వాల్వ్ ఉందా అని అడగండి, నిజాయితీ ఉన్నవాళ్లు వీటికి నొచ్చుకోరు. తర్వాత 'మాగ్నెటోల గురించి ముందే చెప్పుంటే ఈ ఏడాదికి ఆపేవాళ్లం' అని సూటిగా చెప్పి, ఆ లేబర్‌లో ఎంత తగ్గించగలరో అడగండి. పేచీ లేని మొత్తం అదే రోజు ఇచ్చేయండి. ఆయన పైసా తగ్గించకపోయినా, పని నిజంగా జరిగుంటే ఈసారికి కట్టేసి ఆయన దగ్గరే ఉండమంటాను, ఇంజిన్ లోపలంతా తెలిసిన మనిషి మళ్లీ అంత తేలిగ్గా దొరకరు.

వచ్చే ఏడాది మాత్రం ప్యానెల్ విప్పకముందే వర్క్ ఆర్డర్ రాయించుకోండి, రిపేర్ 500 డాలర్లు దాటితే ఫోన్ చేసి సరే అనిపించుకోవాలని. మీ ఇద్దరిలో ఎవరి 'సరే' చెల్లుతుందో కూడా అందులోనే రాయించండి, లేదంటే ఈసారి గొడవ మీకూ మీ ఫ్రెండ్‌కీ మధ్యే వస్తుంది.