పికప్ బండికి స్పార్క్ ప్లగ్గులు సొంతంగా మార్చుకోవచ్చునా?

పెట్రోలు పికప్ బండికి స్పార్క్ ప్లగ్గులు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చునా, పొరపాటు జరిగితే ఇంజిన్ పాడవుతుందా అని అడిగారు. మార్చుకోవచ్చును. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాను. నాలుగు సిలిండర్ల పెట్రోలు మినీ ట్రక్కు మీద చాలా ఏళ్లుగా సరుకు తోలుతున్నాను, మూడు సార్లు నా చేతులతోనే ప్లగ్గులు మార్చాను. అయితే కూలి డబ్బు మిగులుతుందని నేను ఈ పని చేయమనను. పాత ప్లగ్గు మన కళ్ల ముందు బయటికి వస్తుంది, అందుకోసం చేయమంటాను.

ముందుగా మీ బండి పెట్రోలుదో, సీఎన్‌జీదో అయి ఉండాలి. మా రోడ్ల మీద తిరిగే పికప్పులలో ఎక్కువ భాగం డీజిలువే. డీజిలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు అనేదే ఉండదు, ఉంటే గ్లో ప్లగ్గు ఉంటుంది, దాని పని వేరు.

నాలుగేళ్ల కిందట, జీడిపిక్కల రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. వారానికి మూడు సార్లు ఆర్. ఉదయగిరికి కిరాణా సరుకు వేసుకుని వెళ్లి, తిరుగు ప్రయాణంలో కొండ ఊళ్ల నుంచి జీడిపిక్కల బస్తాలు ఎత్తుకుని పలాసకు చేర్చేవాడిని. చదునైన రోడ్డు మీద బండికి ఏ లోపమూ కనిపించేది కాదు. ఘాటీ (కొండ ఎక్కే దారి) మొదలై, లోడుతో మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ దడదడలాడి మిస్ కొట్టేది, చెక్ ఇంజిన్ దీపం వెలుగుతూ ఆరుతూ ఉండేది. ఆ దీపం నిలకడగా వెలగడం వేరు, కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటూ ఉంటే కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తినేస్తోందని అర్థం. ఆ కన్వర్టర్ ఖరీదు ముందు నాలుగు ప్లగ్గుల ఖరీదు ఏ మూలకూ రాదు కాబట్టి, దీపం అలా కొట్టుకుంటున్నప్పుడు లోడుతో ముందుకు పోవద్దు.

మా ఊళ్లోని ఒక గ్యారేజీకి తీసుకువెళ్లాను. ప్లగ్గులు పోయాయని నాలుగూ మార్చారు. పది రోజులు బాగా నడిచి మళ్లీ మొదలైంది. రెండోసారి వెళ్తే, మూడో సిలిండరు చూపించి "కాయిల్ ఖరాప్ హేయిగలా" (కాయిల్ పాడైపోయింది) అని రెండు వేలకు పైగా తీసుకుని, ప్లగ్గుకు కరెంటు అందించే ఆ కాయిల్ కొత్తది వేశారు. మరో రెండు వారాలు నడిచి, మళ్లీ అదే ఘాటీలో, అదే మలుపు దగ్గర మిస్ కొట్టింది. తీసిన పాత ప్లగ్గులు ఏవని అడిగితే చెత్తలో పడేశామన్నారు. నాకు అప్పటికీ ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ మాటే. వైద్యుడు రక్తపరీక్ష కాగితాన్ని రోగికి చూపించకుండా చించి పారేస్తే మనం ఊరుకుంటామా?

మా చిన్నాన్న ఒకప్పుడు అదే దారిలో పెట్రోలు జీపు నడిపినవాడు. సంగతి విని, "రెండు సార్లు మార్చినా తిరిగి వచ్చిందంటే జబ్బు ప్లగ్గుది కాదురా. రాత్రంతా బండిని చల్లారనివ్వు, పొద్దున్నే విప్పుదాం" అన్నాడు. నేను ఆ రాత్రే తీసేద్దామంటే ఒప్పుకోలేదు. ప్లగ్గులు బిగించి ఉండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, అల్యూమినియంది, ప్లగ్గు ఒళ్లు ఉక్కుది. వేడి మీద విప్పితే హెడ్డులోని మర ప్లగ్గుతో పాటు ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

తెల్లవారుజామున బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, సీటు ఎత్తాము. నా బండికి ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. కొండ రోడ్ల ఎర్రదుమ్ము కాయిళ్ల చుట్టూ వేలి మందాన పేరుకుని ఉంది. చిన్నాన్న సైకిలు పంపు తెప్పించి, ఒక్కొక్క కాయిల్ మొదట్లో గాలి కొట్టించాడు. ఇది చేయకుండా ప్లగ్గు విప్పితే ఆ ఇసుక తిన్నగా సిలిండర్‌లోకి జారుతుంది, లోపలి గోడలను గీస్తుంది. ఆ తరువాత కాయిళ్లను ఒక్కొక్కటిగా విప్పాము. మొదటి రెండూ పొడిగా వచ్చాయి. మూడోది పట్టుకుని లాగితే జిగురుగా సాగినట్లు వచ్చింది. దాని రబ్బరు తొడుగు చివర నుంచి ఇంజిన్ ఆయిలు ఒక్కో చుక్కగా కారుతోంది, రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంది. టార్చి వేసి చూస్తే ప్లగ్గు కూర్చునే గుంట అడుగున ఆయిలు నిలిచి మెరుస్తోంది. పుల్లకు గుడ్డ చుట్టి ఆ ఆయిలంతా అద్ది తీసిన తరువాతే ప్లగ్గు మీద పానా వేయనిచ్చాడు.

ఆ ప్లగ్గును చిన్నాన్న తన తువ్వాలు అంచుతో పట్టుకుని వెలుగులోకి తిప్పి చూపించాడు. పైనున్న తెల్లటి పింగాణీ అంతా గోధుమరంగు ఆయిలు చార. కిందనున్న ముక్కు, అంటే స్పార్కు పుట్టే కొన మాత్రం పొడిగా, లేత బిస్కెట్టు రంగులో, మిగతా మూడింటిలాగే ఆరోగ్యంగా ఉంది. అంటే సిలిండర్ లోపల ఆయిలు కాలడం లేదు, పిస్టన్ రింగులు బాగానే ఉన్నాయి, ఆయిలు పైనుంచి దిగుతోంది. వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) కింద ప్లగ్గు గుంట చుట్టూ ఉండే రబ్బరు సీలు గట్టిపడి చిట్లింది. ఆ తడి దారిన కరెంటు పింగాణీ మీదుగా హెడ్డులోకి జారిపోతోంది. ఖాళీగా నడిచేటప్పుడు స్పార్కు తేలికగా దూకుతుంది. ఘాటీలో లోడుతో సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు అదే స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, అప్పుడు అది తేలికైన తడి దారినే వెతుక్కుంటుంది. కొత్త ప్లగ్గుతోనూ, కొత్త కాయిల్ రబ్బరుతోనూ కొన్ని రోజులు నడిచి, గుంటలో ఆయిలు మళ్లీ నిండగానే ఎందుకు మిస్ కొట్టిందో నాకు అప్పుడు తెలిసింది. శ్రీకాకుళం నుంచి ఆరు వందల లోపు ఖరీదుకు సీళ్ల సెట్టు తెప్పించి వేశాము. అదే ఘాటీ అప్పటి నుంచి ఒక్కసారి కూడా మిస్ కొట్టకుండా ఎక్కుతోంది.

అందుకే, తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే పేర్చి చూడాలని పట్టుబట్టి చెబుతున్నాను. ముక్కు పొడి నల్లటి మసిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. ముక్కే ఆయిలుతో తడిసి ఉంటే రింగులు గాని, వాల్వ్ సీళ్లు గాని అరిగాయి. తెల్లగా కాలి బొబ్బలెక్కి ఉంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది, లేదా ఆ ఇంజిన్‌కు తగని ప్లగ్గు వేశారు. నాలుగింటిలో ఒక్కటే వేరుగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌దే.

బిగించడంలో ఒక్క సంగతి మరిచిపోకూడదు. జానెడు పెట్రోలు పైపు ముక్క తీసుకుని, కొత్త ప్లగ్గు తలకు తొడిగి, దానితోనే గుంటలోకి దించి వేళ్లతో తిప్పండి. మర సరిగా పడితే సులువుగా తిరుగుతుంది. అడ్డంగా పడితే పైపు ముక్క ప్లగ్గు తల మీద జారిపోతుంది గాని హెడ్డును చెడగొట్టదు. నాలుగో ప్లగ్గు ఎక్కడం లేదని నేను పానా అందుకోబోతే, "చేత్తో ఎక్కనిదాన్ని పానాతో ఎక్కించకు" అని చిన్నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడితే దానంతట అదే ఎక్కింది. వాషరు ఉన్న కొత్త ప్లగ్గయితే చేతితో పూర్తిగా బిగిసిన తరువాత పానాతో సుమారు అర చుట్టు చాలు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ పానా ఉంటే, అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల మర ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల దానికి 15 నుంచి 20 సరిపోతుంది. పొడుగు పిడి పానా మీద ఒళ్లంతా వేసి బిగించే కుర్రవాళ్లను గ్యారేజీలలో చూస్తూనే ఉన్నాను, అలా హెడ్డులో మర పోతే లేతు పని చేయించవలసి వస్తుంది. మరకు గ్రీజు పూయమని వీడియోలలో చెబుతారు, పూయకండి. జారుడు వల్ల అదే బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది, పైగా నేటి ప్లగ్గుల మరకు పూత ముందే ఉంటుంది.

కొనేటప్పుడు బండి పుస్తకంలో ఉన్న నంబరే అడగండి. "ఒక నంబరు అటూ ఇటూ అయినా పరవాలేదు" అనే దుకాణదారు మాట వినకండి. ఎన్‌జీకే ప్లగ్గులలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, అంటే ముక్కు వేడిని త్వరగా వదిలేది, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు, అంటే వేడిని నిలుపుకునేది. ఒక కంపెనీ లెక్కను మరో కంపెనీకి అంటగడితే సరిగ్గా తలకిందులవుతుంది. గ్యాపు, అంటే ముక్కు దగ్గర స్పార్కు దూకే సందు, కూడా పుస్తకంలోదే ఉంచాలి, ఎక్కువ ఇంజిన్లకు అది 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నాకు బండితో వచ్చిన పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి గాని ఇంగ్లీషులో ఉన్నాయి. నాలాగే బండిని నమ్ముకుని బతికే మా వీధి డ్రైవర్లలో చాలా మంది తెలుగు, ఒడియా తప్ప చదవలేరు. ఆ నాలుగు అంకెలున్న పేజీనైనా తెలుగులో అచ్చు వేసి ఇవ్వకపోవడం చాలా అన్యాయం.

మీకు ఇదంతా చేసే వీలు లేక గ్యారేజీకే వెళ్లేటట్లయితే, పని మొదలుపెట్టకముందే ఒక అట్టముక్కకు నాలుగు బెజ్జాలు పొడిచి, పక్కన 1 నుంచి 4 వరకు అంకెలు రాసి, తీసిన ప్లగ్గులను వాటిలోనే గుచ్చి తిరిగి ఇవ్వమనండి. ఆ అట్టముక్క ఫోటో తీసి ఇక్కడ పెడితే, ముక్కు రంగును బట్టి నాకు తెలిసినంత చెబుతాను.