మొదటి భాగం మీరు కొనండి, రెండోది పిల్లల్ని అడగనివ్వండి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే నాకొచ్చే ఉత్తరాలన్నిటిదీ ఇంచుమించు ఒకే గోల. మంత్రాలు, డ్రాగన్లు, మాయాలోకాలు ఉన్న ఇంగ్లిషు పుస్తకాలు సెట్లు సెట్లుగా అమ్ముతున్నారు, వాటిలో ఏది కొనాలి అని. విజయవాడలో ఒక స్కూలు లైబ్రరీ చూసుకుంటూ రిటైరైనదాన్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. ఒప్పుకోకపోతే మళ్లీ రాయండి, పోట్లాడుకుందాం.

మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం వారం తిరక్కుండానే చదివేసింది. పుట్టినరోజుకి ఏడు పుస్తకాల సెట్టూ కొనేద్దామని వాళ్ల నాన్న సరదా. నాకే ఎందుకో వెనకాముందూ ఆడుతోంది. – ఒక తల్లి, ఖమ్మం

మీ అనుమానమే కరెక్టమ్మా. సెట్టు కొనకండి.

ఈ పుస్తకాలు 1997 నుంచి 2007 దాకా పదేళ్లపాటు వచ్చాయి. మొదటి పుస్తకంలో పదకొండేళ్ల పిల్లవాడు చివరికి పదిహేడేళ్లవాడవుతాడు. అప్పట్లో చదివిన పిల్లలు ఒక్కో భాగం కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూశారు. కథతోపాటు వాళ్లూ పెద్దవాళ్లయ్యారు. మీ పాపకి ఎదురుచూపు ఉండదు. ఏడూ ఎదురుగా అలమరలో ఉంటే దసరా లోపలే నాలుగోదానికి వచ్చేస్తుంది. ఆ నాలుగోదాని చివర్లో శ్మశానం ఉంది. అక్కడ ఒక కుర్రాడు చనిపోతాడు. ఒకడు తన చెయ్యి తనే నరుక్కుంటాడు. ఎనిమిదేళ్ల పిల్ల ఆ పేజీలు గడగడా చదివేస్తుంది, అందులో సందేహం లేదు. రాత్రి ఎవరి పక్కన పడుకుంటుందన్నదే ప్రశ్న.

లావు సంగతి కూడా చూడండి. బ్రిటన్ తొలి ముద్రణల్లో మొదటిది 223 పేజీలు. నాలుగోది 636, అయిదోది 766. సెట్లలో వయసు అట్ట మీద పెరగదు, లోపల పెరుగుతుంది. అందుకే ఏ సిరీస్ అయినా పిల్లలకి ఇవ్వొచ్చా లేదా అని చూడాలంటే నేను మొదటి పుస్తకం ముట్టుకోను. నాలుగోదో, ఆఖరిదో తీసి చివరి యాభై పేజీలు తిరగేస్తాను. అది సరే అనిపిస్తే మొదటిది సరేనని వేరే చెప్పక్కర్లేదు.

రెండు, మూడు కొనిపెట్టండి. నాలుగోది ఇంకో రెండేళ్లు ఆగొచ్చు. ఈలోగా క్రెసిడా కోవెల్ రాసిన 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' మొదలుపెట్టించండి. బక్కపలచటి వైకింగ్ కుర్రాడు, వాడికి దొరికిన మాట వినని బుల్లి డ్రాగన్. బొమ్మలు ఆవిడే గీసింది, సిరా మరకలతో సహా, చిన్నపిల్లల నోటుబుక్కులాగే. పన్నెండు భాగాలున్నాయి. వాటిలోనూ చివరికొచ్చేసరికి కథ చీకటిపడుతుంది గానీ, మెల్లగా పడుతుంది.

ఇంకో మాట. ఫుట్‌పాత్ మీద చవగ్గా వస్తోందని దొంగ ముద్రణ సెట్లు తేకండి. అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, మధ్యలో పదహారు పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. పుస్తకంలో లోపం ఉందని పిల్లలకి తట్టదు. తమకే చదవడం రావడం లేదనుకుంటారు.

మనవడు 'వింగ్స్ ఆఫ్ ఫైర్' కావాలంటే పొంగిపోయి కలాం గారి ఆత్మకథ తెచ్చాను. వాడు ఏడుపు ఒక్కటే తక్కువ. ఇది డ్రాగన్లదట! వాడికి పదేళ్లు. ఇవ్వదగిన పుస్తకమేనా? – రిటైర్డ్ హెడ్మాస్టరు, కాకినాడ

మాస్టారూ, ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, షాపులవాళ్లూ చేస్తున్నారు. కలాం గారిది 1999లో వచ్చింది. డ్రాగన్లది 2012లో మొదలైంది, రాసినావిడ పేరు టూయి సదర్లండ్. షాపులో ఆవిడ పేరు చెప్పి అడగండి.

కథలో నాయకులందరూ డ్రాగన్లే. డ్రాగన్ల తెగలు రాజ్యం కోసం కొట్టుకుంటుంటాయి. యుద్ధం ఆపుతాయని జోస్యం చెప్పిన అయిదు పిల్ల డ్రాగన్లను కొండగుహలో దాచి పెంచుతారు. బాగుంటుంది, చకచకా నడుస్తుంది. అయితే నెత్తురు తక్కువేం కాదు. మొదటి పుస్తకంలోనే ఒక రాణి ఖైదీలను గోదాలోకి దింపి చచ్చేదాకా కొట్టుకోమంటుంది. పదేళ్లవాడికి ఫరవాలేదు, వాడి చెల్లెలికి వద్దు. మొదటి అయిదూ కలిపితే ఒక కథ పూర్తవుతుంది. అక్కడ ఆగినా నష్టం లేదు. బొమ్మల కథలుగా గీసినవి కూడా వస్తున్నాయి. వాడు వాటినే అడిగితే 'ఇదేం చదువు' అనకండి.

కలాం గారి పుస్తకం దాచి ఉంచండి. ఇంకో అయిదేళ్లకి పనికొస్తుంది.

నార్నియా సెట్టులో ఒకటో నంబరు 'ద మెజీషియన్స్ నెఫ్యూ' అని ఉంది. మా అన్నయ్య మాత్రం 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్' ముందు చదవాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, కరీంనగర్

మీ అన్నయ్య మాట విను. అది 1950లో అన్నిటికంటే ముందు వచ్చింది. 'మెజీషియన్స్ నెఫ్యూ' 1955లో ఆరోదిగా వచ్చింది. కథలో కాలం ప్రకారం అది ముందు జరుగుతుంది కాబట్టి తర్వాత సెట్లు వేసినవాళ్లు దానికి ఒకటో నంబరు ఇచ్చారు. రచయిత సి.ఎస్. లూయిస్ కూడా 1957లో ఒక పిల్లవాడికి జవాబు రాస్తూ కాలక్రమమే బాగుందన్నాడు. అయినా సరే, నేను ఒప్పుకోను. బీరువాలోకి దూరిన పిల్లకి మంచు తగలాలి, ఎక్కడికొచ్చానా అని నీకూ అనిపించాలి. ఆ లోకం ఎలా పుట్టిందో ముందే తెలిసిపోతే ఇంకేం మజా? ఆఖరి పుస్తకం చదివాక నీకు కోపం రావచ్చు. నాకైతే ఇప్పటికీ ఉంది.

మా అబ్బాయి పదమూడేళ్లవాడు. స్నేహితులంతా 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అంటున్నారట. డ్రాగన్లున్నాయి కదా, పిల్లల పుస్తకమే అనుకుంటున్నాను. టీవీ సీరియల్ వద్దన్నాను గానీ పుస్తకమైతే మంచిదేగా? – ఒక తండ్రి, అనంతపురం

వద్దండీ. డ్రాగన్ కనపడితే పిల్లల పుస్తకం అయిపోదు. అందులో అత్యాచారాలున్నాయి, వావివరసలు తప్పిన సంబంధాలున్నాయి, చిన్నపిల్లల మీద దారుణాలున్నాయి. పెద్దవాళ్ల కోసం రాసింది, పెద్దవాళ్లు చదువుకోవాలి. పైగా ఆ కథ పూర్తి కూడా కాలేదు. 1996లో మొదలై, అయిదో భాగం 2011లో వచ్చి, అక్కడే ఆగిపోయింది.

కానీ 'వద్దు' అని ఊరుకుంటే ఫోన్లో చదువుతాడు. వాడి చేతికి ఇంకేదో ఇవ్వాలి. టోల్కీన్ 'హాబిట్' ఇవ్వండి. దాని గురించి నాకిష్టమైన కథ ఒకటుంది. ఆ రాతప్రతి వచ్చినప్పుడు ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ దాన్ని పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చి చదివి అభిప్రాయం రాయమన్నాడు. కూలి ఒక షిల్లింగు. బాగుంది, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి నచ్చుతుంది అని రాసిచ్చాడు ఆ పదేళ్ల పెద్దమనిషి! 1937లో పుస్తకం అచ్చయింది. పిల్లల పుస్తకం పిల్లల చేత చదివించి నిర్ణయించిన ఆ తండ్రికి ఒక దణ్ణం. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మాత్రం వెంటనే అంటగట్టకండి. నడక నెమ్మది, పాటలు ఎక్కువ, చాలామంది కుర్రాళ్లు మొదటి వంద పేజీల్లోనే చేతులెత్తేస్తారు.

కాస్త లోతుగా ఆలోచించే కుర్రాడైతే అర్సులా లె గ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' కొనండి. 1968 నాటిది, సన్నటి పుస్తకం. మంత్రాలు నేర్చుకునే ఒక కుర్రాడు పొగరుకొద్దీ చెయ్యకూడని మంత్రం చేసి ఒక నీడను లోకం మీదకు వదులుతాడు. ఆ నీడ వాడినే వెంటాడుతుంది. పదమూడేళ్ల పొగరు తెలిసినవాళ్లకి అది బాగా తగులుతుంది.

మా కోడలు అమెరికా నుంచి పంపిన 'ఆరూ షా' పుస్తకం మనవరాలు వదలడం లేదు. పాండవులు ఈ కాలంలో ఆడపిల్లలై పుట్టారట. భారతాన్ని ఇలా మార్చేస్తే పిల్లలకి అసలు కథ తెలియకుండా పోదూ? – 74 ఏళ్ల పాఠకుడు, నెల్లూరు

అయ్యా, తమరు 'మాయాబజార్' చూసే ఉంటారు. శశిరేఖ వ్యాసభారతంలో ఎక్కడుంది? ఆవిడ పెళ్లి కోసం ఘటోత్కచుడు వేసిన వేషం ఏ పర్వంలో ఉంది? 1957 నుంచి ఇల్లిల్లూ ఆ సినిమా చూస్తూనే ఉంది, భారతానికి వచ్చిన లోటేమీ లేదు. మనకి భారతం మీద ఉన్న చనువు అలాంటిది.

ఆరూ అట్లాంటాలో ఉంటుంది. వాళ్లమ్మ ఒక మ్యూజియంలో పనిచేస్తుంది. డాబు కోసం అబద్ధాలు చెప్పే ఈ పిల్ల, తోటిపిల్లలు రెచ్చగొడితే అక్కడున్న శాపగ్రస్తమైన దీపం వెలిగించేస్తుంది. అక్కడినుంచి గందరగోళం. రాసిన రోషనీ చోక్షీ 2018లో మొదలుపెట్టి 2022లో అయిదో భాగంతో ముగించింది. నా ఫిర్యాదు వేరే ఉంది. హాస్యమంతా అమెరికా టీవీ, సినిమాల మీద నడుస్తుంది. నెల్లూరు పిల్లకి సగం జోకులు అందవు. అయినా వదలడం లేదంటే కథ పట్టుకుందన్నమాటే.

ఆరూ ఇంద్రుడి కూతురు, తనతో ఉండే మినీ యముడి కూతురు. ఇంద్రుడి కూతురైతే ఏ పాండవుడి అంశ, యముడి కూతురైతే ఎవరి అంశ అని మనవరాలిని అడగండి. చెబితే ఆనందించండి. చెప్పలేకపోతే మీరు కుర్చీ దగ్గరకు లాక్కుని కుంతి దగ్గర్నుంచి మొదలుపెట్టండి. అడిగి మరీ వింటుంది, ఎందుకంటే ఇప్పుడు ఆ కథ ఆమెకి అవసరం.

డల్లాస్‌లో ఉంటాం. పిల్లలు తెలుగు మాట్లాడతారు, కూడబలుక్కుని చదువుతారు. ఇంగ్లిషు ఫాంటసీకి దీటుగా తెలుగులో ఏదైనా ఉందా? – ఇద్దరు పిల్లల తల్లి

భేషుగ్గా ఉంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్లు. 1954లో 'తోకచుక్క'తో మొదలై 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం' ఇలా ఏళ్లతరబడి వచ్చాయి. పత్రికలో ఆయన పేరే ఉండేది కాదు. పిల్లలు మాత్రం నెలాఖరుకల్లా పోస్టుమాన్ కోసం గుమ్మంలో కాపు కాసేవాళ్లు. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు వెళ్లిన చోటల్లా ఏదో ఒక ముప్పు. ప్రతి నెలా కథ సరిగ్గా ఆ ముప్పు దగ్గరే ఆగుతుంది. చిత్రా గారి బొమ్మలు దానికి తోడు.

మీ పిల్లలు వీటిని సొంతంగా చదవాలని పట్టుబట్టకండి. మీరు చదివి వినిపించండి. రోజుకి ఒక నెల భాగం చాలు, పడుకునే ముందు. కుటుంబరావు గారు సంపాదకులుగా ఉన్న చందమామ తెలుగు కాబట్టి వాక్యాలు చిన్నవి, నోరు తిరగని మాటలు తక్కువ. మాంత్రికుడు కత్తి ఎత్తిన చోట మీరు పుస్తకం మూసి లైటు ఆర్పేయండి. కొన్నాళ్లకి మీ పెద్దవాడు మర్నాటి భాగం దొంగచాటుగా కూడబలుక్కుంటూ దొరుకుతాడు. తిట్టకండి. కొన్ని సీరియళ్లు పుస్తకాలుగానూ వచ్చాయి. ఇండియా వచ్చినప్పుడు హైదరాబాద్, విజయవాడ బుక్ ఎగ్జిబిషన్లలో వెతకండి.

ఎవరైనా 'కాశీమజిలీ కథలు' పంపుతామంటే ఒక జాగ్రత్త. మధిర సుబ్బన్న దీక్షితుల గారి అసలు పుస్తకాల్లో శృంగారం బాగానే ఉంది, భాష గ్రాంథికం. ముందు మీరు చదువుకుని, అందులో కాశీ దారిలో మణిసిద్ధుడు తనతో వచ్చే గోపడికి చెప్పినట్టు నోటితో చెప్పండి.

మేడమ్, నాకు పన్నెండేళ్లు. లావు పుస్తకాలు చూస్తేనే భయం. అక్షరాలు కలిసిపోతాయి, లైను తప్పుతాను. ఫ్రెండ్స్ అన్నీ చదివేశారు. అమ్మేమో ఇలాంటివి టైమ్ వేస్ట్ అంటుంది. నేను దేనితో మొదలుపెట్టాలి? – ఒక కుర్రాడు, వరంగల్

నాన్నా, నీకోసమే రాశారా అనిపించే పుస్తకం ఒకటుంది. 'పెర్సీ జాక్సన్'. దాన్ని రాసిన రిక్ రియోర్డన్ ఒకప్పుడు బడిపంతులు. ఆయన కొడుక్కి అక్షరాలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, కుదురుగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ ఉన్నాయి. రాత్రిపూట ఆ పిల్లవాడికి చెప్పిన కథే 2005లో పుస్తకమైంది. పెర్సీకీ అక్షరాలు కలిసిపోతాయి. వాడు గ్రీకు దేవుడి కొడుకు కాబట్టి వాడి కళ్లు ప్రాచీన గ్రీకు లిపి కోసం తయారయ్యాయట, అందుకే ఇంగ్లిషు కుదరదట! కథంతా వాడే వెటకారంగా చెబుతాడు, నీ బెంచీలో కూర్చున్నవాడు చెప్పినట్టు. అయిదు భాగాలతో మొదటి కథ అయిపోతుంది. నువ్వు మొదటిది మాత్రమే తీసుకో.

ఆడియో దొరికితే చెవిలో వింటూ, స్కేలు పెట్టుకుని లైను లైనూ చూస్తూ చదువు. అది కాపీ కొట్టడం కాదు. ఫ్రెండ్స్ అన్నీ చదివారన్న మాట నమ్మకు. మా లైబ్రరీలో సెట్లను చూస్తేనే తెలిసేది. మొదటి భాగం అట్ట ఊడి బైండింగు చేయించి ఉండేది, మూడోది కాస్త మాసి ఉండేది, అయిదోది కొన్నప్పటిలాగే నిగనిగలాడుతుండేది.

అక్షరాలు కలిసిపోతున్న సంగతి మీ అమ్మగారికీ, మీ క్లాస్ టీచర్‌కీ చెప్పు. ముందు కళ్లు పరీక్ష చేయించమను. అద్దాలతో తీరకపోతే డిస్లెక్సియా ఉందేమో చూసే నిపుణులుంటారు. ఉందని తేలితే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. ఈ జవాబు అమ్మగారికి చూపించు. అమ్మా, మీకూ ఒక మాట: ఆ మొదటి పుస్తకం వాడు పూర్తి చేసేదాకా 'ఎన్ని పేజీలయ్యాయి' అని అడగొద్దు.