ఫౌండేషన్, ఐషాడో అంచు తెలియకుండా కలిసిపోవాలంటే ఏం చేయాలి?

మీరు చెప్పింది ఇది: ఫౌండేషన్ వేస్తే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అవుతోంది. ఐషాడో ఎంత బ్లెండ్ చేసినా పట్టీలు పట్టీలుగా ఉంటోంది, ఇంకాస్త రుద్దితే మొత్తం బురద రంగులోకి దిగిపోతోంది. వచ్చే నెల అక్క పెళ్లికి మీ మేకప్ మీరే వేసుకోవాలని ఉంది. నేను పదకొండేళ్లుగా రాజమండ్రిలో పెళ్లి మేకప్‌లు చేస్తున్నానండీ. ఈ రెండు తప్పులూ నేనూ చేశాను, అదీ సొంతవాళ్ల పెళ్లిలో.

మా పిన్ని కూతురి పెళ్లి. ముందురోజు షాపులో ట్యూబ్‌లైట్ కింద దాని మణికట్టు మీద రాసి చూసి ఫౌండేషన్ కొన్నాను. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి తెచ్చి నా ముందు కూర్చోబెట్టారు. ముఖమంతా పసుపే. ఆ పసుపు మీదే గులాబీ ఛాయ ఉన్న లేత షేడ్ వేసేశాను. గదిలో బాగానే కనిపించింది. మండపంలో వీడియో లైటు పడేసరికి ముఖం బూడిద పూసినట్టు, చేతులు మాత్రం మామూలు రంగులో! మా అమ్మమ్మ అందరికీ వినబడేలా అంది: "దీని ముఖం బియ్యప్పిండిలో ఎవరు ముంచారే?" ఆ ఆల్బమ్ ఇప్పటికీ వాళ్ల షోకేసులో ఉంది. నేను వెళ్లినప్పుడల్లా ఆ పెళ్లికూతురే తీసి చూపిస్తుంది, మహాతల్లి.

ఆ రోజు స్పాంజితో తెల్లారేదాకా అద్దినా ఆ ముఖం మెడతో కలిసేది కాదు. షేడే తప్పు. కాబట్టి మీరు ముందు అది సరిచూసుకోండి. దగ్గరగా ఉన్న మూడు షేడ్లు దవడ మీద నుంచి మెడ వైపుకి గీతల్లా రాసి, పదిహేను నిమిషాలు వదిలేసి, పగటి వెలుగులో చూడండి. వదిలేయడం ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు ఆరాక ఒక షేడ్ ముదురుతాయి. ఏ గీత కోసం వెతుక్కోవాల్సి వస్తే అదే మీది. మనలో చాలామందికి నుదురు, నోటి చుట్టూ నలుపు ఎక్కువ, బుగ్గలు తేట. అందుకని బుగ్గకి సరిపోయేది కొంటే మెడ దగ్గర దొరికిపోతాం. చీర కట్టుకుంటే మెడా, భుజాలూ కనబడతాయి కదా, వాటికి సరిపోయేదే తీసుకోండి. ఒక షేడ్ తెల్లగా వేస్తే పెళ్లికళ వస్తుందని చెప్పే అత్తయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు. నవ్వి ఊరుకోండి.

అక్కకి నలుగు పెట్టేటప్పుడు మీ ముఖానికీ పసుపు పూస్తారు, తప్పదు. పసుపు రంగు నీళ్లకి సరిగా పోదు, నూనెకి వదులుతుంది. దూది మీద కొబ్బరినూనె వేసి మెల్లగా తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో జిడ్డు పోయేలా కడగండి. జిడ్డు మిగిలితే ఫౌండేషన్ జారిపోతుంది.

ఇక వేయడం. మాయిశ్చరైజర్ రాసి ఐదు నిమిషాలు ఆగండి. ఫౌండేషన్ బఠాణీ గింజంత చాలు, తక్కువైతే మళ్లీ వేసుకోవచ్చు. ముక్కు పక్కల, బుగ్గల మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్లండి. దవడ దగ్గరికి వచ్చేసరికి స్పాంజి మీద ఏమీ మిగలకూడదు. గీత పడేది అక్కడికి కొత్తగా ఫౌండేషన్ తీసుకెళ్లి రాయడం వల్లే. స్పాంజిని నీళ్లలో ముంచి, ఉబ్బాక గట్టిగా పిండి, టవల్లో ఒత్తాలి. పొడి స్పాంజి సగం ఫౌండేషన్ తాగేస్తుంది, నీళ్లు కారే స్పాంజి వేసింది కడిగేస్తుంది. రుద్దొద్దు, అద్దండి. రుద్దితే కింద వేసింది లేచి వచ్చేస్తుంది.

నా చిన్నప్పుడు కూచిపూడి ప్రోగ్రామ్‌లకి పాన్‌కేక్ వేసేవాళ్లు. గట్టి బిళ్లలా ఉండే మేకప్ అది. తడి స్పాంజితో ఒక్క తుడుపు, అయిపోయింది. మెడని పట్టించుకునేవాళ్లే లేరు. స్టేజీకీ జనానికీ మధ్య దూరం అన్నీ దాచేసేది. ఇప్పుడు ఫోన్ కెమెరా మూరెడు దూరంలో ఉంటుంది, చెవిని కూడా వదలదు. నవ్వకండి, చెవి తమ్మెకీ రెండు అద్దులు అద్దండి. ముఖం ఒక రంగు, బుట్టకమ్మ వెనక చెవి ఒక రంగు ఉన్న ఫొటోలు నా దగ్గర బోలెడు.

క్రీములన్నీ ముందు, పౌడర్లన్నీ తర్వాత. పౌడర్ వేశాక మళ్లీ లిక్విడ్ కన్సీలర్ (మచ్చలు, నలుపు కప్పేది) ముట్టుకున్నారా, ముద్దలు కడుతుంది. ఫౌండేషన్ కింద రాసే ప్రైమర్ సిలికాన్‌ది, ఫౌండేషన్ నీళ్లతో చేసినది అయితే కొన్నిసార్లు రెండూ కలవవు, రబ్బరుతో చెరిపినప్పుడు రాలే పొట్టులా ఊడి వస్తుంది. అలా అయితే ప్రైమర్ మానేయండి, కొంపలేం మునగవు.

కళ్ల దగ్గర కాస్త ఓపిక కావాలి. నేను కళ్లే ముందు చేస్తాను. రాలిన ఐషాడోని బుగ్గ మీద నుంచి దూదితో తుడిచేసి, ఆ తర్వాత ఫౌండేషన్ మొదలుపెట్టవచ్చు. మీకు పట్టీలు రావడానికి కారణం నా అనుమానం ప్రకారం ఇదే: రెప్ప మీద కన్సీలర్ తడిగా ఉండగానే ఐషాడో వేస్తున్నారు. జిగట మీద పడిన రంగు పడ్డచోటే అతుక్కుంటుంది, ఎంత తిప్పినా కదలదు. కన్సీలర్ పల్చగా రాసి, వేలితో అద్ది, దాని మీద చిటికెడు లూజ్ పౌడర్ వేయండి. ఇప్పుడు రెప్పని వేలితో తాకితే జారాలి, అంటకూడదు.

తర్వాత మీ ఒంటి రంగు కంటే ఒకటి రెండు షేడ్లు ముదురు మ్యాట్ (మెరుపు లేని) రంగు తీసుకోండి. చామనఛాయకి ఇటుక రంగు, లేత కాఫీ రంగు బాగా కలుస్తాయి. కుచ్చులా ఉండే మెత్తటి బ్రష్‌ని రంగులో ఒక్కసారి తాకించి, చేతి వెనక తట్టి, తోక చివర పట్టుకోండి. మొదట్లో దగ్గరగా పట్టుకుంటే నాకు పెన్సిల్ పట్టినట్టే ఒత్తిడి పడేది, గీతలు వచ్చేవి. అద్దంలోకి కళ్లు తెరిచి సూటిగా చూస్తూ, రెప్ప మడతకి కొంచెం పైన, కారు వైపర్ తిరిగినట్టు అటూ ఇటూ పది పన్నెండు సార్లు, ఆ తర్వాత చిన్న చిన్న సున్నాలు చుట్టండి. కళ్లు మూసుకుని వేస్తే, తెరిచాక ఆ రంగంతా మడతలోకి వెళ్లిపోయి ఏమీ కనబడదు.

ముదురు రంగు కంటి బయటి మూలలో మాత్రమే. బియ్యపుగింజంత చోట పెట్టి, రంగు ముట్టని వేరే బ్రష్‌తో దాని అంచు మీదే తిప్పండి. మధ్యలోకి వెళ్లొద్దు. మధ్యలో కూడా తిప్పడం వల్లే బురద రంగు వస్తుంది, అన్ని రంగులకీ ఒకే బ్రష్ వాడినా అంతే. అప్పటికే బురదగా అయిపోతే కొత్త రంగు వేయకండి. ఒంటి రంగు పౌడర్ కాస్త తీసుకుని అంచు మీద తిప్పితే సర్దుకుంటుంది. మెరుపు ఐషాడో చివర్న, వేలితో, రెప్ప మధ్యలో అద్ది వదిలేయండి. దాన్ని బ్లెండ్ చేస్తే మెరుపంతా బుగ్గ మీదికి రాలుతుంది.

కన్ను వేరు, ముఖం వేరు అన్నట్టు ఉండకూడదంటే, మొదట వేసిన ఆ ఇటుక రంగునే బ్రష్‌కి మిగిలినంత కింది రెప్ప వెంట్రుకల కిందా, కంటి మూల నుంచి కణత వైపుకీ లాగండి. బ్లష్ కూడా ఆ కుటుంబం రంగే అయితే సగం పని తగ్గినట్టే. కంటి కింద నలుపుకి నారింజ రంగు కరెక్టర్ పల్చగా, నల్లగా ఉన్నచోటే అద్ది, దాని మీద కన్సీలర్ వేయండి. హోమం పొగకి కళ్లలో నీళ్లు వస్తాయి. తుడవకుండా టిష్యూ మడత పెట్టి అద్దుకోండి.

మేకప్ కదలకుండా పైన అద్దే తెల్లటి సెట్టింగ్ పౌడర్‌లలో కొన్ని ఫ్లాష్ పడితే కంటి కింద తెల్ల మచ్చల్లా మెరుస్తాయి, అద్దంలో మాత్రం ఏమీ తెలియదు. అందుకని పెళ్లికి ముందు ఒక ఆదివారం మొత్తం మేకప్ వేసుకుని, గంటసేపు వంటింట్లో స్టవ్ దగ్గర మసలండి. తర్వాత కిటికీ దగ్గర ఒక ఫొటో, చీకటిగదిలో ఫ్లాష్‌తో ఒకటి తీసుకోండి. ముక్కు పక్కన ఫౌండేషన్ విడిపోతే ఎక్కువ వేశారని. రెప్ప మడతలో గీత పడితే కన్సీలర్ మందంగా రాశారని. అన్నీ బాగుండి మెడ ఒక్కటే తేడాగా ఉంటే మళ్లీ ఆ మూడు షేడ్ల దగ్గరికే వెళ్లండి.